డిపార్చర్స్ గేటు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: శంషాబాద్ విమానాశ్రయం, డిపార్చర్స్ ద్వారం. టికెట్ లేనివారిని సీఐఎస్‌ఎఫ్ జవాన్లు లోపలికి పోనివ్వరు గనుక, కరీంనగర్ నుంచి రెండు కార్లలో తరలివచ్చిన బంధువర్గం ఇక్కడే ఆగిపోయింది. ఎమ్మెస్ చదవడానికి అమెరికా పోతున్న కొడుకు ట్రాలీ మీద చేయి వేయగానే తండ్రి ఆశువుగా పలికిన ఆటవెలది ఇది.

మూలం:

పాసుపోర్టు కలదె? పైజేబులోనుందె?
ఏది, తీసి చూపు మిపుడె మరల
దిగిన వెంట ఫోను, తిండి మరువబోకు
భయము మాది కాదు, బాబు! నీదె

ప్రతిపదార్థం: పాసుపోర్టు = ముదురు నీలి అట్టగల పుస్తకము; కలదె = ఉన్నదా (ఇల్లు దాటేటప్పుడూ, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేటప్పుడూ ఉన్నదని తేలినప్పటికీ); పైజేబులోన్ = వీపుసంచి పై అరలో; ఉందె = జారిపోలేదు గదా; ఏది = మాట చాలదు, సాక్ష్యము కావలెను; తీసి చూపుము = భద్రముగా ఉన్నదానిని బయటికి లాగుము; దిగిన వెంట = ఇమిగ్రేషన్ వరుసలో నిలుచుండగానే; ఫోను = వాట్సాప్ కాలు; తిండి మరువబోకు = తల్లి మాట, తండ్రి పద్యములో చొరబడినది; బాబు = ఇంజినీరింగ్ పట్టభద్రుడా; భయము = స్పష్టము; మాది కాదు = మాదే.

తాత్పర్యం: నాయనా, నువ్వు పోతున్నావు. మాకు గుబులుగా ఉంది. ఆ ముక్క నోట రాక పాస్‌పోర్టు అడుగుతున్నాం.

విశేషాలు:

1. ఒక్క విషయాన్నే మూడు మార్లు అడగడం పునరుక్తి కాదా? భయసంభ్రమాలలో అది దోషం కాదని ఆలంకారికులు ఏనాడో మినహాయింపు ఇచ్చారు. జవాబు వచ్చినా ప్రశ్న చావకపోవడమే ఇక్కడి గుట్టు. పుస్తకం గురించి అడిగి ఉంటే మొదటి ‘ఉంది’తోనే తీరిపోయేది.

2. స్థలౌచిత్యం చూడండి. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు తరలివచ్చిన ఈ ఆవరణలో భద్రతకు లోటేమిటి? సంచికి ఎక్స్‌రే, ఒంటికి మెటల్ డిటెక్టర్, ముఖం చూసి తలుపు తెరిచే డిజియాత్ర. ఇవన్నీ లోపలికి పోయేవారికే. అసలు తనిఖీ అవసరమైనవారు కటకటాల బయట నిలబడి చేతులూపుతుంటారు.

3. చిలుకూరు వీసా బాలాజీ సన్నిధిలో కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసా వచ్చింది, 108 పూర్తయ్యాయి. మరి గుబులు పోవాలి గదా? పోలేదు, చోటు మార్చింది: నిన్న వీసా మీద, నేడు పాస్‌పోర్టు మీద, రేపు ఉద్యోగం మీద, ఎల్లుండి హెచ్-1బీ లాటరీ మీద. కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చాక ఆ గుబులుకు మరో పీట దొరికింది. ఆధారం ఉన్నంతకాలం నిలిచే గుణం భయానిది. ఆధారాలు వెతుక్కుంటూ తిరిగే గుణం అభద్రతది.

4. కరీంనగర్ తండ్రి ‘బిడ్డా’ అనక ‘బాబు’ అననేల? ‘భ’కారానికి ‘బి’తో యతి కుదరదు. కంగారులోనూ ఛందస్సు తప్పలేదని గ్రహించాలి.

5. పాఠాంతరం: కుమారుని ప్రతిలో నాలుగో పాదం “భయము నాది కాదు, బాపు! మీదె” అని ఉంది. ఏది శుద్ధపాఠం? తండ్రి బొంకాడని కొందరు, కొడుకు బొంకాడని కొందరు. ఇద్దరూ బొంకారని మా సిద్ధాంతం. కొడుకు తలపై చదువుల అప్పుంది, అవతల తెలిసినవారు లేరు. తన గుబులు బయటపడితే ఎదుటివాడు కుంగిపోతాడని ఇద్దరికీ ఒకటే బెంగ. అందుకే ఎవరి భయాన్ని వారు ఎదుటివాడి పేర రాసి చేతులు దులుపుకున్నారు. అభద్రతకు మన ఇళ్లలో చెల్లే మర్యాద ఇది. దీన్నే ప్రేమ అని కొందరు పొరబడతారు, ఆ పొరపాటు తప్పేమీ కాదు.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని గేటు ముందు భక్తితో పఠించినవారి పాస్‌పోర్టు పోదు, గుబులూ పోదు. పఠించినకొద్దీ పార్కింగ్ రుసుము మాత్రం పెరుగును.