డెబ్భైమూడు కుప్పలు: ఒక శివకాశి అగ్గిపెట్టె ఆత్మకథ

నేను శివకాశి అగ్గిపెట్టెని. వెల రెండు రూపాయలు. 2007 నుంచి 2021 దాకా మా జాతికి ఒక్క రూపాయే ధర. కడుపులో యాభైకి అటూ ఇటూగా పుల్లలు, రెండు పక్కలా ఎర్ర భాస్వరం పూత, పైన రంగుల బొమ్మ. ఇదీ నా ఆకారం.

నా పుల్లల చెక్క కేరళది. లారీలో కనుమ దాటి, సెంగోట్టై, తెన్‌కాశి, రాజపాళయం మీదుగా ఈ ఎండ నేలకి చేరింది. ఇక్కడ దాన్ని పలచగా చీరి, పుల్లలు కోసి, ఎండబెట్టి, చట్టాల్లో కూర్చారు. ముందు కరిగిన మైనంలో ముంచారు, తర్వాత మందులో. వానలు తక్కువ కాబట్టి మందు ఇట్టే ఆరుతుంది. ఈ విద్య మాత్రం ఇక్కడ పుట్టింది కాదు. 1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు కలకత్తా వెళ్ళి నేర్చుకొచ్చి, మరుసటి ఏడు శివకాశిలో పని మొదలుపెట్టారు.

నన్ను కొన్నది రిటైరైన లెక్కల మాస్టారు. శివకాశి, కోవిల్‌పట్టి వైపు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. మాస్టారిదీ అలాంటి ఇల్లే. దుకాణంలో ఒకేసారి పదిహేను పెట్టెలు తీసుకున్నారు. ఇంటికి రాగానే మనవరాలిని పిలిచి నేలమీద చాప పరిపించారు. ముందు తెరిచింది నన్నే.

"ఇరవైమూడు పుల్లలు తియ్యమ్మా. వీటిని కుప్పలు పెట్టాలి. కుప్పలో ఒకటైనా ఉండాలి, ఎనిమిదైనా ఉండాలి, ఇరవైఏడైనా ఉండాలి. అంటే ఘనాలే ఉండాలి. కుప్పలు ఎంత తక్కువైతే అంత మంచిది."

అమ్మాయి ఎనిమిది లెక్కపెట్టింది, ఇంకో ఎనిమిది లెక్కపెట్టింది. "ఏడు మిగిలాయి తాతా. మూడో కుప్పకి ఒక్కటి తక్కువ."

"అయితే ఆ ఏడూ విడివిడిగా పెట్టు."

మొత్తం తొమ్మిది కుప్పలు. పదో కుప్ప కావలసిన సంఖ్య ఏదైనా ఉందా అని అడిగింది. లేదన్నారు మాస్టారు. కోటి దాకా వెతికినా, కోటి కోట్ల దాకా వెతికినా ఉండదట. వెతక్కుండానే ఆ మాట చెప్పగలగడమే గణితమన్నారు. నా జీవితంలో నేను విన్న గొప్ప మాట అది.

1770లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ వేరింగ్ లేవనెత్తిన సమస్య ఇది. వర్గాలైతే నాలుగు చాలని అదే ఏడాది లగ్రాంజ్ నిరూపించాడు. ఘనాలకి తొమ్మిది చాలని తేలడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. ఒక సంఖ్యని దానితోనే నాలుగుసార్లు, అయిదుసార్లు, ఆరుసార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్యల మాటేమిటి, అంటే నాలుగో, అయిదో, ఆరో ఘాతాల మాటేమిటి? వాటిలో ఆరు సంగతి తేల్చినవాడు నా చెక్క వచ్చిన దారిలోనే చదువుకున్నాడు.

ఆయన సుబ్బయ్య శివశంకరనారాయణ పిళ్ళై. 1901 ఏప్రిల్ 5న కుర్తాళం దగ్గరి వల్లంలో పుట్టాడు. ఏడాది తిరిగేసరికి తల్లి పోయింది. సెంగోట్టై బడిలో చదువుకున్నాడు. బడి చదువు ఆఖరి ఏట తండ్రీ పోయాడు. చదువు మానేద్దామనుకుంటే శాస్త్రియార్ అనే ఉపాధ్యాయుడు తన జీతంలోంచి డబ్బిచ్చి నిలబెట్టాడు. మాస్టారు ఈ ముక్క చెప్పేటప్పుడు గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాత నాగర్‌కోయిల్, తిరువనంతపురం, మద్రాసు. 1929లో చిదంబరంలో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యాడు. ఆయన గొప్ప పనంతా అక్కడ జరిగిందే.

ఇక మిగతా పద్నాలుగు పెట్టెలూ తెరుచుకున్నాయి. ఈసారి 703 పుల్లల్ని ఆరో ఘాతాల కుప్పలుగా పేర్చాలి. ఒకటిని ఎన్నిసార్లు గుణించినా ఒకటే. రెండుని ఆరుసార్లు వేసి గుణిస్తే 64. మూడుని గుణిస్తే 729, అది 703ని దాటిపోయింది. కాబట్టి అరవైనాలుగేసి పుల్లల కుప్పలు పది, మిగిలిన 63 ఒంటి పుల్లలు. చాప నిండిపోయింది. అమ్మాయి మోకాళ్ళమీద పాకుతూ లెక్కపెట్టింది: డెబ్భైమూడు.

703కి 73 కావాలని చాపమీద చూపించవచ్చు. ఏ సంఖ్యకైనా 73 చాలునని చూపించడానికి పిళ్ళై కావలసి వచ్చాడు. 1940లో నిరూపించాడు, కంప్యూటర్లు లేని కాలంలో. అంతకుముందే 1930ల నడుమ, ఆరుకి మించిన ఘాతాల విషయంలో ఆయన చాలా దూరం వెళ్ళాడు. అదే సమయంలో అమెరికాలో డిక్సన్ వేరుగా అదే దారిలో నడిచాడు. అయిదో ఘాతానికి 37 అని చైనాలో చెన్ జింగ్‌రన్ తేల్చింది 1964లో. నాలుగో ఘాతానికి 19 అని బాలసుబ్రహ్మణియన్, దెజూయే, ద్రెస్ తేల్చింది 1986లో. చిన్న ఘాతాలు ఇంత ఆలస్యంగా లొంగాయంటే, ఆరుని చిదంబరంలో ఒక్కడు కూర్చుని తేల్చడం ఎంత పనో ఆలోచించండి.

ఈ కథలో తెలుగు నేల కూడా ఉంది. పిళ్ళైతో ఉత్తరాలు నడిపి, కలిసి పత్రాలు రాసిన సర్వదమన్ చావ్లా 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. పిళ్ళై పోయాక సంస్మరణ వ్యాసం రాసింది మచిలీపట్నంలో పుట్టిన కొమరవోలు చంద్రశేఖరన్.

పిళ్ళై 1942లో కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. మా అగ్గిపెట్టెల విద్య వచ్చిన ఊరే అది. ప్రిన్స్‌టన్‌లో ఏడాది ఉండమని, ఐన్‌స్టైన్ పనిచేసిన సంస్థ నుంచి పిలుపొచ్చింది. హార్వర్డ్‌లో అంతర్జాతీయ గణిత మహాసభలో కూడా పాల్గొనాలి. 1950 ఆగస్టు 31న ఆయన ఎక్కిన టి.డబ్ల్యు.ఎ. విమానం కైరో నుంచి బయలుదేరి ఈజిప్టులోనే కూలిపోయింది. 55 మందీ చనిపోయారు. చండీగఢ్ నగరానికి ప్రణాళిక గీస్తున్న పోలండ్ వాస్తుశిల్పి నొవీత్స్కీ కూడా అందులోనే ఉన్నాడు. పిళ్ళైకి అప్పటికి నలభైతొమ్మిదేళ్ళు. ఆయన రచనలన్నీ ఒకచోట చేర్చి అచ్చువేయడానికి 2010 దాకా పట్టింది. అది మరీ ఆలస్యమని నా అభిప్రాయం.

ఆయన వదిలివెళ్ళిన ప్రశ్న ఒకటి ఇంకా తేలలేదు. 4, 8, 9, 16, 25, 27, 32... ఇలా వర్గాలూ ఘనాలూ పై ఘాతాలూ వరసగా రాసుకుంటూ పోతే, ఒకే తేడా లెక్కలేనన్ని సార్లు రాదని ఆయన ఊహ. ఒకటి తేడా 8, 9 దగ్గర తప్ప మరెక్కడా రాదని 2002లో మిహైలెస్కు అనే గణితవేత్త నిరూపించాడు. రెండు తేడాకి 25, 27 ఉన్నాయి. ఇంకో జంట ఉందో లేదో ఎవరికీ తెలియదు.

కుర్తాళం పేరు తెలుగువాళ్ళకి కొత్త కాదు. జలపాతాలకి వెళ్తారు, సిద్ధేశ్వరీ పీఠానికి వెళ్తారు, శబరిమల దారిలో ఆగుతారు. ఈసారి ఆగినప్పుడు వల్లం ఆ పక్కనే ఉందని పిల్లలకి చెప్పండి. రెండు అగ్గిపెట్టెలు కొని 79 పుల్లలు వాళ్ళ చేతికివ్వండి. కుప్పలో ఒకటి గాని, పదహారు గాని ఉండాలనండి, కుప్పలు వీలైనంత తక్కువ కావాలనండి. పంతొమ్మిది కుప్పలు రావాలి.