తల్లి కబురు మీద బొట్టు

హైదరాబాద్ పాతబస్తీలో, మీర్ ఆలం చెరువు పక్కనున్న నెహ్రూ జంతుప్రదర్శనశాలలో, కుందేలంత మూషిక జింక ఒకటి ఆకుల చాటున ఒదిగి ఉంటుంది. మన దేశపు గిట్టల జంతువుల్లో ఇంతకన్నా చిన్నది లేదు. ఆ తల్లి అండంలో నా కాపురం. నేను మిథైల్ గుర్తును. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే నా ఒళ్లు.

జన్యువు పంపే కబురును ఆర్‌ఎన్‌ఏ మోసుకొస్తుంది. అందులో ‘ఏ’ అనే అక్షరం మీద నన్ను దిద్దేది మెటిల్3 అనే ఎంజైము. శుభలేఖ మూలన పసుపు బొట్టు పెడితే అక్షరాలు మారవు, అదెలాంటి కబురో తెలుస్తుంది. నేనూ అంతే. శాస్త్రవేత్తలు నన్ను 1974లో గుర్తించారు. నన్ను చెరిపే ఎంజైము ఉందని 2011లో తేలాక, నా పనేమిటన్న వెతుకులాట ఊపందుకుంది.

ఎదిగిన అండం కొత్త కబుర్లు రాయడం మానేస్తుంది. తల్లి ముందే కట్టి ఉంచిన సద్దిమూటతోనే పిండం తొలి అడుగులు వేయాలి. ఆ సద్ది వేళకు ఖాళీ కావాలి కూడా. తల్లి మాట సద్దుమణుగుతుంటే బిడ్డ సొంత జన్యువులు గొంతు విప్పుతాయి. వైటీహెచ్‌డీఎఫ్2 అనే ప్రోటీన్ నన్ను ఆనవాలు పట్టి, పని తీరిన కబురును విడగొట్టిస్తుంది. ఆ ప్రోటీన్ లేని ఆడ చిట్టెలుకలు గొడ్డుపోయాయని 2017లో తేలింది. మగవాటిలోనూ నా లెక్క తప్పకూడదు. నన్ను చెరిపే మరో ఎంజైము ఆల్క్‌బీహెచ్5 లేని మగ చిట్టెలుకల్లో శుక్రకణాలు దెబ్బతిన్నాయని 2013లోనే చూశారు.

ఈ జంతుశాలలో 2010లో అటవీశాఖ, సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు కలిసి ఆరు మూషిక జింకలతో సంతతి పెంచడం మొదలుపెట్టారు. వాటి సంఖ్య 200 దాటింది. 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. మేత వేసిన చేతులు, ఈనే వేళకు కాపు కాసిన కళ్లు ఎంత శ్రమపడ్డాయో నాకు తెలుసు. ఆ శ్రమ పండాలంటే ప్రతి అండంలోనూ కంటికందని కబురొకటి సమయానికి చెరిగిపోవాలి.

కబురు విడిపోయినప్పుడు దానితోపాటే నేనూ పోతాను. పుట్టే కూనను చూడను. నల్లమల ఎండుటాకుల మీద దాని అడుగుల చప్పుడూ వినను. ఆ కూన ఆడదైతే, దాని కడుపులోనూ అండాలు ఎదుగుతాయి. మెటిల్3 అక్కడ మళ్లీ నన్ను దిద్దుతుంది.