ఖాళీ కాగితం

రిటైరయ్యాక పలాసలో పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. బ్యాంకులు, కానిస్టేబుల్ పోస్టులు, ఇలా చాలా పరీక్షలకు ఇంగ్లీషు మార్కులు కావాలి. టెక్కలి వైపు నుంచి కొందరు వస్తారు. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి మరికొందరు తొలి బస్సుకే దిగుతారు. మొత్తం ఇరవై మంది.

అది ఏప్రిల్ నెల. మా ఉద్దానం ప్రాంతమంతా జీడిపిక్కలు ఏరే రోజులు. ఆ రోజు బోర్డు మీద ఒకే ఒక్క మాట రాశాను. ‘వేగరీస్’.

ఆ మాటంటే నాకు ఇష్టం. దాని మూలం లాటిన్‌లో ఉంది. గమ్యం లేకుండా తిరగడం అని అర్థం. దేశదిమ్మరిని వేగబాండ్ అంటాం చూడండి, అదీ ఇదీ ఒక తల్లి పిల్లలే. నాలుగైదు వందల ఏళ్ళ క్రితం ఇంగ్లీషువాళ్ళు ఈ మాటను ఉత్త తిరుగుళ్ళకే వాడేవాళ్ళు. తరవాత మనసు తిరుగుళ్ళకు, అంటే చిత్తచాంచల్యానికి వాడారు. ఇప్పుడు వానకి, గాలికి, అదృష్టానికి, మార్కెట్టుకి వాడుతున్నారు. ఎక్కువగా బహువచనంలోనే కనిపిస్తుంది. పక్కనే ‘ఆఫ్’ వస్తుంది. ‘వేగరీస్ ఆఫ్ ద మాన్సూన్’ అన్నది మన దేశంలో ఇంగ్లీషు పత్రికలు చదివేవాళ్ళందరికీ తెలిసిన ప్రయోగం.

పిల్లలకు గుర్తుండాలని రెండు గీటురాళ్ళు చెప్పాను. ఒకటి, మార్పు ఉండాలి. రెండు, ఆ మార్పు ముందుగా అంచనాకు అందకూడదు. రెండూ ఉంటేనే ఆ మాట వాడాలి.

వెంటనే ఒక కుర్రాడు లేచాడు. వాళ్ళది తీరం పక్క ఊరు.

“తిత్లీ తుపాను మా ఊరిమీద పడ్డాది కదా సార్. అది వేగరీయే కదా?”

మంచి ప్రశ్న. దాన్ని విడదీసి చెప్పాను. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి చెట్టు నిలబడలేదు, జీడిచెట్టు వేళ్ళతో సహా లేచిపోయింది. కానీ ఆ రాకడ వాతావరణ శాఖకు తెలియంది కాదు. గోపాలపూర్‌కీ కళింగపట్నానికీ మధ్య తీరం దాటుతుందని ముందే హెచ్చరించారు. అదొక్కటే కాదు. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటిందీ అక్టోబరు 12నే. అక్టోబరులో ఈ తీరానికి తుపాను ముప్పు ఉంటుందని తెలియనివాడు ఉద్దానంలో లేడు.

“అయితే తీరం దాటాక ఏం చేసిందో చూడు” అన్నాను. “నేల మీదికొచ్చిన తుపాను మామూలుగా చతికిలబడి చల్లారిపోతుంది. తిత్లీ అంత త్వరగా చల్లారలేదు. ఈశాన్యం వైపు తిరిగి ఒడిశా మీదుగా బెంగాల్ దాకా వెళ్ళింది. గజపతి జిల్లా కొండల్లో కుండపోత కురిసి, కొండచరియలు విరిగిపడి జనం చచ్చిపోయారు. తీరంలో జనాన్ని ఖాళీ చేయించారు గానీ, అంత దూరాన కొండల్లో చావు కాచుకుందని ఎవరనుకున్నారు? నేల మీదికొచ్చాక కూడా అలా విరుచుకుపడడం వేగరీ. తీరానికి రావడం కాదు. ముందే తెలిసినదానికి ఆ మాట వాడితే, తప్పుకునే దారి లేదని ఒప్పుకున్నట్టే.”

క్లాసు నిశ్శబ్దంగా విన్నది. నాకు తృప్తిగా అనిపించింది. తలా ఒక కాగితం తీసి, మీ ఇంటి సంగతి మీద ఆ మాటతో ఒక వాక్యం రాయమన్నాను.

పది నిమిషాల్లో కాగితాలు చేతికొచ్చాయి. పంతొమ్మిది మంది ఇంచుమించు ఒకే వాక్యం రాశారు. మార్కెట్ వేగరీస్ వల్ల జీడి రైతు నష్టపోతున్నాడు. వ్యాకరణం సరిగ్గా ఉంది, మాట పొందిగ్గా కూర్చుంది. పరీక్షలో ఇలాగే రాయాలి. పంతొమ్మిదింటికీ టిక్కు పెట్టాను.

ఇరవయ్యో కాగితం ఖాళీ. పైన పేరు తప్ప ఏమీ లేదు.

ఆ పిల్లది వజ్రపుకొత్తూరు మండలంలో చిన్న ఊరు. తల్లితో పాటు జీడిపిక్కలు ఒలిచే పనికి వెళుతుంది. వేళ్ళ కొసలు జీడి సొనకు నల్లబడి ఉంటాయి. తెలివైన పిల్ల, ఎప్పుడూ ఖాళీ కాగితం ఇచ్చింది లేదు.

“ఏమ్మా, పాఠం అర్థం కాలేదా?”

“అర్థమైంది సార్.”

“మరెందుకు రాయలేదు?”

తల దించుకుంది. ఎర్ర సిరాతో సున్నా పెట్టి కాగితం తిరిగిచ్చాను. ఉద్యోగం కావాలనుకునేవాళ్ళు ఖాళీలు వదలకూడదని అందరికీ వినపడేలా చెప్పాను.

మర్నాడు ఆ పిల్ల క్లాసు కంటే ముందే వచ్చింది. చేతిలో అట్ట ఊడిపోయిన పాత నోటు పుస్తకం.

“మా నాన్న లెక్కల పుస్తకం సార్. ఒక్కసారి చూడండి.”

తీసి చూశాను. పేజీకి రెండు వరసలు. మొదటి వరసలో ఏటా ఎండాకాలంలో తాము అమ్మిన ధర, ఎనభై కేజీల బస్తాకి ఇంత అని. రెండో వరసలో అదే ఏడాది వానలు ముదిరాక బజారులో పలికిన ధర. 2019 నుంచి కొన్నేళ్ళ పాటు మొదటి వరసలో అంకెలు లేవు, అడ్డగీతలున్నాయి. తిత్లీకి తోట పోయిన ఏళ్ళవి. అమ్మడానికి పిక్క లేకపోయినా రెండో వరసలో ధర మాత్రం రాసుకుంటూ వచ్చాడు ఆ రైతు. కొత్త మొక్కలు కాపుకొచ్చాక మళ్ళీ రెండు వరసలూ మొదలయ్యాయి.

అంకెలున్న ప్రతి ఏడూ వేలు పెట్టి చూశాను. ప్రతిసారీ మొదటి వరస చిన్నది, రెండో వరస పెద్దది. ఒక్క ఏడు కూడా తారుమారు కాలేదు.

“ఎండబెట్టి దాస్తే పిక్క నెలల తరబడి నిలవుంటుంది కదమ్మా. ఎందుకు ఆగరు?” అన్నాను.

“ఎలాగాగుతాం సార్? పిక్క ఇంట్లో ఉండగానే అప్పు తీర్చమంటారు. జూన్‌లో మా ఫీజులు కట్టాలి. ఊరంతా ఒకేసారి అమ్ముకోవాల. కొనేవాళ్ళకి ఆ సంగతి తెలుసు. ఆఫ్రికా పిక్క దిగింది, మీ సరుకు మాకెందుకంటారు. మా ఇంట్లో పిక్క అయిపోయాక ధర లేస్తాది.”

పుస్తకం మూసి చేతికిచ్చాను. ఆ పిల్ల కదలలేదు. నిన్నటి ఖాళీ కాగితం తీసి నా ముందు పెట్టింది. సున్నా అలాగే ఉంది.

“నిన్న తిత్లీకి మీరు చెప్పిన లెక్కే మా నాన్న పుస్తకానికీ వేసి చూశాను సార్. మార్పు ఉండాలన్నారు. ఇందులో మార్పు లేదు. ముందుగా అంచనాకు అందకూడదన్నారు. ఇది మాకు ప్రతి ఏడూ ముందే తెలుసు. అందుకే రాయలేదు. దీనికి ఇంగ్లీషులో ఇంకో మాట ఏదైనా ఉందా సార్?”

నలభై ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఎంత వెతుక్కున్నా ఆ క్షణాన ఒక్క మాటా దొరకలేదు.

“తెలుగులో ఏమంటారమ్మా?” అన్నాను.

“మా అమ్మ ఏటా అడుగుతాది సార్, ఈసారి ఎంతకి పోయిందని. మా నాన్న కండువా దులుపుకుని ఒకటే మాట చెప్తాడు.”

“ఏమని?”

“మామూలే, అని.”

సున్నా కొట్టేసి ఆ కాగితానికి పూర్తి మార్కులు వేశాను. క్లాసు నిండాక మిగతా పంతొమ్మిది కాగితాలూ వెనక్కి అడిగి తీసుకుని, వాటి మీది టిక్కులు ఒక్కొక్కటిగా కొట్టేశాను.