నాచును ఎవరు మింగాలి?

నాచు చెరువుల కరపత్రం ప్రకారం గొడ్లచావిడి కడిగిన నీళ్ళలో ఇంత నాచు, ఇన్ని బాక్టీరియా వదిలి ఎండకు పెడితే చాలట. నీళ్ళు తేటపడతాయి, నాచు ఎరువవుతుంది, మేతవుతుంది, డీజిలవుతుంది, పైపెచ్చు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కూడా పీల్చేస్తుంది. ఇన్ని వరాలు ఒక్కసారే ఇచ్చిన దేవుడు మన పురాణాల్లో లేడు. భోళాశంకరుడు సైతం ముందు తపస్సు చేయించుకున్నాడు. ఇక్కడ మాత్రం తపస్సు ఊసే లేదు, కరపత్రంలో దానికి చోటు చాలలేదు కాబోలు.

అసలు శాస్త్రంలో అబద్ధం లేదు. ఈ చెరువుల్లో పేడను కుళ్ళబెట్టే బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి, ఎండలో నాచు దాన్ని వదులుతుంది. బాక్టీరియా విడిచిన కార్బన్ డయాక్సైడ్ నాచుకు తిండి. కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంలో విలియం ఆస్వాల్డ్ 1950లలోనే ఈ కాపురాన్ని మురుగునీటి చెరువుల్లో నడిపించి చూపాడు. అడుగు లోతు నీళ్ళు, వాటిని కదిపే తెడ్ల చక్రం, ధారాళంగా ఎండ ఉంటే చాలు. అయితే ఈ కాపురం పగటిపూట చూడముచ్చటగా ఉంటుంది గానీ రాత్రయితే కథ మారుతుంది. ఎండ పోగానే నాచు కూడా ఆక్సిజన్ తినేవాళ్ళ పంక్తిలో కూర్చుంటుంది. ఈ సంగతి భీమవరం చేపల రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్ళు మరీ పచ్చబడ్డ చెరువులో తెల్లవారుజామున చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలడం, ఏరేటర్ల కోసం పరుగులు తీయడం ఆయనకు అలవాటే.

ఇక నత్రజని, భాస్వరాల గురించి కరపత్రం చెప్పే ‘తొంభై శాతం తొలగింపు’ సంగతి. తొలగించింది సరే, ఎక్కడికి? మిట్టమధ్యాహ్నం నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటే నీటి పీహెచ్ తొమ్మిది దాటుతుంది. ఆ స్థితిలో అమ్మోనియాలో సగం దాకా వాయు రూపంలోకి మారి, తెడ్లు కదుపుతుంటే గాల్లో కలుస్తుంది. నీటిలో కొలిస్తే నత్రజని తగ్గినట్టే లెక్క. ఇల్లూడ్చిన చెత్త పక్కింటి వాకిట్లో పోసి, మా ఇల్లు అద్దంలా ఉందని చాటుకోవడమూ ఇలాంటిదే. నత్రజనిని హానిలేని వాయువుగా మార్చే బాక్టీరియా లేవా అంటే, ఉన్నాయి. కానీ భాస్వరానికి ఆ దారి కూడా లేదు. అది నాచు ఒంట్లోనో అడుగు బురదలోనో ఉండాల్సిందే. పైగా పేడనీళ్ళు చిక్కటి కషాయం, ఎండ లోపలికి దిగదు. అందుకే చాలా ప్రయోగాల్లో ముందు మంచినీళ్ళు పోసి పలచన చేస్తారు. మురికిని వదిలించడానికి ముందు మంచినీటిని మురికి చేయాలన్నమాట.

వేళ్ళ మీద లెక్క వేద్దాం. గేదె రోజుకు నూరు గ్రాముల నత్రజని విసర్జిస్తుందని తక్కువలో తక్కువ అనుకుంటే, నూరు గేదెలకు పది కిలోలు. బాగా నడిచే చెరువులో చదరపు మీటరుకు రోజుకు పదిహేను గ్రాముల ఎండు నాచు పెరిగితే, అందులో నత్రజని గ్రాము చిల్లర. అంటే చావిడికి రెండెకరాల చెరువు, గేదెకు రెండు సెంట్లు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేదవాడి ఇంటికి ఇచ్చిన స్థలం పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర! రోజూ పెరిగే నూటపాతిక కిలోల నాచును బయటికి తీయాలి కూడా. లీటరుకు అరగ్రాము ఉంటే రెండున్నర లక్షల లీటర్లు వడకట్టాలి. నాచు కణమేమో కొన్ని మైక్రాన్లు, ఇంట్లో పాలు వడకట్టే గుడ్డ ఆపలేదు. తీయకుండా వదిలేస్తే చచ్చి కుళ్ళి, మింగినదంతా మళ్ళీ నీళ్ళలోనే కక్కుతుంది.

నాచును అమ్ముకుంటే ఖర్చు గిట్టదా అని అడుగుతారు. నాచు నుంచి డీజిల్ తీయడానికి అమెరికా ఇంధన శాఖ 1978లో మొదలుపెట్టిన కార్యక్రమాన్ని 1996లో మూసేసింది. నాచు డీజిల్ పెట్రోలియం ధరతో పోటీపడలేకపోయింది. మేతగా పెడదామంటే, పందుల ఫారం నీళ్ళయితే దాణాలో కలిపే రాగి, జింకు, యాంటీబయాటిక్ శేషాలు వాటి పెంటనీళ్ళలోంచి నాచులోకి చేరే ప్రమాదం ఉంది. పొలానికి ఎరువుగా వేయవచ్చు, నిజమే. కానీ పేడ కూడా పొలానికి ఎరువేగా! ఎరువును నీళ్ళలో కలిపి, నాచుకు తినిపించి, ఆ నాచును యంత్రంతో పిండి, మళ్ళీ ఎరువు చేయడం నోటి ఎదురుగా ఉన్న ముద్దను మెడ చుట్టూ తిప్పి తినడమే.

నాచు చెరువు వద్దనడం లేదు. పేడ గోబర్‌గ్యాస్‌కు పోయాక మిగిలిన నీటికి, చోటూ ఎండా ఉన్నచోట, అది మంచి ఆఖరి మెట్టు. కానీ లూధియానాలో హైబోవాల్, తాజ్‌పూర్ రోడ్డు డెయిరీల పేడ బుడ్డా నాలా అనే వాగులోకి చేరింది నాచు దొరక్క కాదు, గొట్టంతో నీళ్ళు కొట్టి పంపేయడం పేడ ఎత్తడం కన్నా సులువు కాబట్టి. నీళ్ళలో పడని పేడను నీళ్ళలోంచి తీయనక్కర్లేదు. అందుకు కావలసిన పరికరాలు రెండు, తట్టా పారా. ముందు పేడ ఎత్తండి, ఆ తర్వాత నాచు మాట మాట్లాడుకుందాం.