నేను నరసరావుపేట అక్వేరియాన్ని

నేనొక అక్వేరియాన్ని. పొడవు 4 అడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర. నరసరావుపేటలో ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో, హాలులో తూర్పు గోడ వారగా ఉంటాను. ఇంటికొచ్చిన చుట్టాలు నన్ను చూసి ముచ్చటపడతారు. ఆ వెంటనే, "ఎంతకు కొన్నారు?" అని అడుగుతారు. ఏం చూసి కొన్నారని మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సింది అదే. పల్నాటి ఎండలో, పల్నాటి నీళ్లతో ఒక పెద్ద తొట్టి చేపల్ని బతికించిందంటే, దాని వెనక కొన్న మనిషి ఆలోచన చాలా ఉంటుంది. నా కథ చెప్పడమంటే ఆ ఆలోచన చెప్పడమే.

నా పుట్టుక ఇసుకలో ఉంది. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కొలిమిలో కరిగించి, ఆ ద్రవాన్ని కరిగిన తగరం మీద పోస్తే అది తేలుతూ పరుచుకుని, చల్లారి, రెండు వైపులా నున్నటి పలకవుతుంది. ఇంగ్లండులోని పిల్కింగ్టన్ సంస్థ 1959లో లోకానికి చెప్పిన పద్ధతి ఇది. అలా తయారైన 10 మిల్లీమీటర్ల మందం పలకల్ని గుంటూరులో ఒక దుకాణంలో కోసి నన్ను కట్టారు. వెనకటి తరం తొట్లకు ఇనుప చట్రం, అంచుల్లో పుట్టీ ఉండేవి. చట్రం తుప్పు పట్టేది, పుట్టీ ఎండి పగిలేది. నన్ను నిలబెట్టింది సిలికాన్ ఒక్కటే. అది ఆరేదాకా నా చుట్టూ ఘాటుగా వెనిగర్ వాసన. వాసన పూర్తిగా పోయాక నన్ను నీళ్లతో నింపి, కింద వార్తాపత్రికలు పరిచి, ఒక రాత్రంతా వదిలేశారు. పొద్దున కాగితం మీద ఒక్క తడి చుక్క కనిపించినా నన్ను విప్పి మళ్లీ కట్టేవారు. కాగితాలు పొడిగా ఉన్నాయి. అప్పుడే నన్ను అమ్మకానికి పెట్టారు.

ఈ ఇంట్లో నాకంటే ముందు ఒక అక్క ఉంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న చిన్న తొట్టి. దానిలో పట్టే నీళ్లు 55 లీటర్ల పైచిలుకు. చిన్న తొట్టి చూసుకోవడం తేలికని అందరూ అనుకుంటారు. చేపకు సంబంధించినంతవరకు అది తలకిందులు. మేత ఒక చిటికెడు ఎక్కువైనా, ఒక చేప చచ్చి రాళ్ల సందులో ఉండిపోయినా, 55 లీటర్ల నీళ్లు పూట తిరిగేసరికి విషమవుతాయి. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడితే ఆ కాసిని నీళ్లు ఇట్టే వేడెక్కుతాయి. నీళ్లు ఎక్కువుంటే వేడెక్కడమూ నెమ్మదే, చెడడమూ నెమ్మదే. మనిషి గమనించి సరిదిద్దుకునే వ్యవధి దొరుకుతుంది. మా సారు పెద్ద తొట్టి కొనాలనుకున్నది ఇందుకే. హాలుకు అందం రావడం తర్వాతి మాట.

దుకాణంలో నా పక్కనే ఇంకో తొట్టి ఉండేది. దానిదీ 4 అడుగుల పొడవే. వెడల్పు ఒక అడుగు, ఎత్తు రెండడుగులు. నిలువుగా, ఠీవిగా కనిపించేది. "సార్, ఇది తీసుకోండి. హాల్లో నిండుగా ఉంటది" అన్నాడు దుకాణదారు. మా సారు జేబులోంచి కాగితం తీసి లెక్క వేశాడు. దానిది 8 ఘనపుటడుగులు, నాది 9. దాని నీటి పైభాగం 4 చదరపుటడుగులు, నాది 6. నీళ్లు గాలిని పీల్చుకునేది పైనుంచే. పైభాగం ఎంత వెడల్పుంటే చేపకు అంత ఊపిరి. పైగా గాజు మీద నీళ్ల ఒత్తిడి ఎత్తును బట్టే పెరుగుతుంది. ఎత్తయిన తొట్టికి మరింత మందం గాజు కావాలి. అడుగున ఉన్న చెత్త తీయాలంటే చెయ్యి భుజం దాకా ముంచాలి. "అన్నా, నాకు ఈ వెడల్పుదే కావాలి" అన్నాడు సారు. అలా నేను ఫిరంగిపురం మీదుగా, మినీ వ్యానులో, కింద పరుపు వేయించుకుని నరసరావుపేట చేరాను.

ఇంట్లో నా చోటు ముందే నిర్ణయమైంది. నన్ను అంచుదాకా నింపితే 255 లీటర్లు. ఇసుక, రాళ్లు ఆక్రమించేది, పైన వదిలే ఖాళీ పోగా 220 లీటర్ల దాకా నిలుస్తాయి. నీళ్ల బరువు, 50 కిలోల గాజు, ఇసుక, రాళ్లు, ఇనుప స్టాండు కలిపితే 350 కిలోలు. అంత బరువూ ఆరు చదరపుటడుగుల మీదే పడుతుంది. పై అంతస్తులో అయితే గదికి నడిమధ్య పెట్టకూడదు. గోడ వారగా, కింద దూలం ఉన్నచోట పెట్టాలి. అనుమానముంటే ఇంజనీరును అడగాలి. మాది కింది అంతస్తే. నేలకు మాచర్ల నాపరాళ్లు పరిచి ఉన్నాయి. అయినా సారు తాపీమేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ రసమట్టం పెట్టి చూసి, స్టాండు ఒక కాలు కింద ఇనుప రేకు ముక్క దోపి, మట్టం సరిచేశాడు. స్టాండు మీద మందపు ప్లైవుడ్, దాని మీద థర్మోకోల్ షీటు, ఆపైన నేను. నా అడుగున ఇసుక రేణువొకటి చిక్కుకున్నా బరువంతా దాని మీదే పడి గాజు పగలొచ్చు. ఆ రేణువును థర్మోకోల్ తనలోకి అణచుకుంటుంది.

ఇక సామగ్రి. గంటకు తొట్టిలోని నీళ్లన్నీ నాలుగైదుసార్లు తిప్పగల ఫిల్టరు కావాలన్నది అందరూ పాటించే లెక్క. నాకు గంటకు 1000 లీటర్లు తోడే క్యానిస్టర్ ఫిల్టరు తెచ్చారు. అది స్టాండు కింద అరలో కూర్చుంటుంది. దానిలో స్పాంజి, పింగాణీ రింగులు, దూది వరుసగా ఉంటాయి. స్పాంజి చెత్తను పట్టుకుంటుంది, రింగులు మేలుచేసే బ్యాక్టీరియాకు ఇల్లవుతాయి. దీనికి తోడు ఎయిర్ పంపుతో నడిచే చిన్న స్పాంజి ఫిల్టరు ఒకటి. పంపు నాకంటే కింద ఉంటుంది కాబట్టి గొట్టం మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు పెట్టారు. వేలి కణుపంత ప్లాస్టిక్ ముక్క అది. కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి జారి నేలంతా కాకుండా ఆపేది అదే. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళుతుంది. వైరు వెంబడి జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, సాకెట్టుకు చేరదు. 20 వాట్ల ఫిల్టరు రోజంతా తిరిగితే నెలకు 15 యూనిట్లలోపు. 40 వాట్ల ఎల్ఈడీ రోజుకు 8 గంటలు వెలిగితే నెలకు 10 యూనిట్లు. సారు ఈ లెక్క కూడా ముందే వేసుకున్నాడు.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న నీళ్లది. పల్నాడు సున్నపురాయి సీమ. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల నాపరాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీలు అన్నీ ఆ రాతి చలవే. ఆ రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లు గట్టివి. సబ్బు నురగ రాదు, కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది. మా ఇంటి బోరు నీళ్లలో, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచితే వెయ్యి దాటింది. పంపుల్లో వచ్చేది సాగర్ నీళ్లు. 1955లో పునాది పడి, 1967లో కాలువలకు నీళ్లిచ్చిన నాగార్జునసాగర్ కుడి కాలువ ఈ సీమ దాహం తీర్చింది. ఆ కృష్ణా నీళ్లు బోరు నీళ్ల కంటే మెత్తన. కాకపోతే మున్సిపాలిటీ కలిపే క్లోరిన్ చేప మొప్పల్ని కాలుస్తుంది. అందుకని డ్రమ్ములో పట్టి, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, అప్పుడు నాలో పోస్తారు. సగం సాగర్ నీళ్లు, సగం బోరు నీళ్లు. ఇవి నాకు కుదిరిన పాళ్లు.

నీళ్ల సంగతి తేలాకే చేపల మాట వచ్చింది. దుకాణదారు మొదట అరవానా చూపించాడు, వాస్తుకు మంచిదన్నాడు. ఇప్పుడు జానెడున్న ఆ వెండి అరవానా అమెజాన్ నదిలో పుట్టిన జాతి. దాదాపు మూడడుగులు పెరుగుతుంది. అడుగున్నర వెడల్పులో అది వెనక్కి తిరగను కూడా తిరగలేదు. సారు కూతురు పాప గోల్డ్‌ఫిష్ అడిగింది. అది చల్లని నీళ్ల చేప, మన వేసవి దానికి కష్టం. డిస్కస్, నియాన్ టెట్రాలకు మెత్తటి, కాస్త ఆమ్ల గుణమున్న నీళ్లు కావాలి. మన నీళ్లను మార్చి వాటిని బతికించే కంటే, మన నీళ్లు మెచ్చే చేపను తేవడం నయం. మెక్సికో వైపు మాలీలు, ప్లాటీలు, దక్షిణ అమెరికా గప్పీలు గట్టి నీళ్లలో హాయిగా ఉంటాయి. మద్రాసు కొళత్తూరు రంగు చేపల పెంపకానికి పేరుపడ్డ చోటు. అక్కణ్నుంచి వచ్చిన నల్ల మాలీలు, ఎర్ర ప్లాటీలు నా మొదటి కాపురస్తులు. వాటికి గుహలుగా నాపరాతి ముక్కలు పేర్చారు. ఆ రాతి మీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగింది. సున్నపురాయి అనడానికి అదే గుర్తు. నీళ్ల గట్టిదనాన్ని ఇంకాస్త పెంచుతుంది కాబట్టి మెత్తటి నీళ్ల చేపలకు ఆ రాయి పనికిరాదు, మాలీలకు పనికొస్తుంది.

అయితే నన్ను నింపిన రోజే చేపల్ని వదల్లేదు. చేప విసర్జించే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషాలు. మూడోదాన్ని వారం వారం నీళ్లు మార్చి తీసేయొచ్చు. కొత్త తొట్టిలో ఆ బ్యాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మా అక్క ఫిల్టరులోని పాత స్పాంజిని నా ఫిల్టరులో పెట్టారు. మురికిగా, గోధుమరంగులో ఉన్న ఆ స్పాంజి నిండా బతికున్న బ్యాక్టీరియాయే. అక్క నాకిచ్చిన పుట్టింటి సారె అది. పాప టెస్ట్ కిట్టు గాజుగొట్టంలో నా నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, ఊపి చూసేది. అమ్మోనియా ఉంటే ఆకుపచ్చ, లేకపోతే పసుపు. ఒకనాడు గొట్టం పసుపుగానే నిలిచింది. "నాన్నా, పసుపే!" అని పాప అరిచిన కేక నాకు పండగ. ఆ తర్వాతే చేపలు వచ్చాయి, అవీ కొద్ది కొద్దిగా. అక్క ఇప్పుడు కొత్త చేపల్ని కొన్నాళ్లు విడిగా ఉంచి, జబ్బు లేదని తేల్చుకునే తొట్టిగా పనిచేస్తోంది.

నా అసలు పరీక్ష మే నెల. రాష్ట్రంలో ఎండ మాట వస్తే మొదట వినిపించే పేరు రెంటచింతల, అది మా జిల్లాదే. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు ఇముడుతుంది. 35 డిగ్రీలకు అది 7కు దిగుతుంది. అదే సమయంలో వేడికి చేపకు ఎక్కువ ఊపిరి కావాల్సి వస్తుంది. చాలాచోట్ల పెద్ద తొట్టి అనగానే హీటరు కొంటారు. నాకు ముందు కొన్నది నీటి మీదికి గాలి కొట్టే రెండు చిన్న ఫ్యాన్లు. గాజు మూత తీసేసి వల మూత వేశారు. పల్నాటి ఎండ పొడి ఎండ. అందుకే నీళ్లు బాగా ఆవిరై రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. ఆవిరైన మేరకు పోసేది సాగర్ నీళ్లే. నీరు పోయినా సున్నం నాలోనే మిగులుతుంది, బోరు నీళ్లు పోస్తూపోతే గట్టిదనం నానాటికీ పెరుగుతుంది. కరెంటు పోయిన రాత్రుళ్లు ఎయిర్ పంపు ఇన్వర్టరు మీద నడుస్తుంది. ఇంట్లో ఫ్యాన్లు ఒకటి ఆపి అయినా సరే, నా పంపు ఆపరు.

నీటిమట్టం దగ్గర నా గాజు మీద తెల్లటి సున్నపు చార కడుతుంది. అమ్మగారు ఆదివారం నీళ్లు కొంత తీసినప్పుడు నిమ్మచెక్కతో రుద్ది, తడిగుడ్డతో తుడుస్తారు. ఆ తీసిన నీళ్లు మల్లెపాదుకు, కరివేపాకు చెట్టుకు పోతాయి. నా గాజులోనూ, నా నీటిలోనూ, నేను నిలబడ్డ నేలలోనూ సున్నపురాయే ఉంది. దాన్ని శత్రువుగా చూడకుండా, దానికి తగిన చేపను ఎంచుకున్నారు కాబట్టి నేను నిండుగా ఉన్నాను.

మాలీలు, ప్లాటీలు గుడ్లు కాకుండా పిల్లల్నే పెడతాయి, గంపెడు పెడతాయి. ఎక్కువైనవాటిని సారు బడిపిల్లలకు, తెలిసినవాళ్లకు ఇస్తాడు. కాలువలో వదిలితే పుణ్యమని ఎవరో సలహా ఇచ్చారు, ఆయన ఒప్పుకోలేదు. దక్షిణ అమెరికా సక్కర్ క్యాట్‌ఫిష్ అద్దాల మీది పాచి తింటుందని జనం కొని, పెరిగాక నీళ్లలో వదిలేశారు. మన చెరువుల్లో అది వలలు చింపుతోంది, రైతులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు.

నన్ను చూసి పెద్ద తొట్టి కొనాలనుకునేవారికి నా మాట ఇది. ముందు మీ ఇంటి నీళ్లు కొలిపించండి. తర్వాత నేల బలం, మట్టం చూడండి. వెడల్పున్న తొట్టి, దానికి సరిపడా ఫిల్టరు, కరెంటు పోతే నడిచే ఎయిర్ పంపు, వేసవికి ఫ్యాన్లు సమకూర్చుకోండి. నీళ్లు పక్వానికి వచ్చేదాకా ఓపిక పట్టండి. చేపను చివర కొనండి. ఒకవేళ పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వండి, పెంచగలిగినవారికి ఇవ్వండి. సాగర్ కాలువలో మాత్రం వదలకండి.