అంతా మీ దయ

సినిమా ప్రీ-రిలీజ్ ఈవెంటు కానీ, పుస్తకావిష్కరణ కానీ, కథానాయకుడు మైకు అందుకోగానే ముందు వచ్చే మాట ఒకటే: "ఇందులో నాదేమీ లేదండీ." జనం చప్పట్లు కొడతారు. ఎంత నిగర్వి చూశావా అని పక్కవాడు మోచేత్తో పొడుస్తాడు. నాకు మాత్రం అది పోలీస్ స్టేషన్లో ఇచ్చిన వాంగ్మూలంలా వినబడుతుంది. నిజంగానే అందులో ఆయనది ఏమీ ఉండదు మరి. కథ కొరియా వాళ్లది, ఫ్రీమేక్. మాటలు ఫిలింనగర్‌లో ఓ అద్దె ఫ్లాటులో నలుగురు కుర్రాళ్లు కూర్చుని రాసినవి. పాట పల్లవి ఎవరి అమ్మమ్మో నాట్లేస్తూ పాడుకున్నది.

తర్వాత కృతజ్ఞతల పర్వం మొదలవుతుంది. ఏడుకొండలవాడు, అభిమాన దేవుళ్లు, నిర్మాతగారు, నిర్మాతగారి అత్తగారు... ఆ నలుగురు కుర్రాళ్లు తప్ప అందరూ వస్తారు. నీరు పల్లమెరుగునంటారు కానీ, మన వినయానికి తెలిసింది మిట్ట ఒక్కటే.

తెర మీద కృతజ్ఞతల కార్డు చూడండి. గుడి ఈవో గారు, సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారు, షూటింగ్‌కి మండువా లోగిలి ఇచ్చిన మోతుబరి గారు, అందరూ ఉంటారు. ఏ జంతువుకూ హాని జరగలేదన్న హామీ కూడా ఉంటుంది. రచయితల విషయంలో అలాంటి హామీ ఎవరూ ఇవ్వరు. ఆనక ఉరుము ఉరిమి, కథ-మాటలు-స్క్రీన్‌ప్లే-దర్శకత్వం అని తెర నిండా ఒకే ఒక్క పేరు!

ఆ కుర్రాళ్లను పరిశ్రమలో ఘోస్టులంటారు. దయ్యాలకైతే కనీసం జనం భయపడతారు.

వెయ్యేళ్ల కింద రాజమహేంద్రవరంలో వ్యవహారం ఇలా లేదు. నన్నయ భారతం మొదలుపెడుతూ, భారతయుద్ధంలో అర్జునుడికి కృష్ణుడిలా ఈ పనిలో తనకు నారాయణభట్టు తోడ్పడ్డాడని పద్యంలోనే చెప్పేశాడు. పోలిక ఎలా కట్టాడో గమనించండి: తాను అర్జునుడు, సహాయకుడు దేవుడు. అంతటితో ఆగలేదు. రాజరాజ నరేంద్రుడు ఆ నారాయణభట్టుకు కోనసీమలో నందంపూడి అగ్రహారం దానమిచ్చాడు. ఆ శాసనానికి మాటలు కూర్చింది ఎవరనుకున్నారు? నన్నయే! అసిస్టెంటుకి ఇచ్చే పేమెంటు చెక్కు మెయిన్ రైటరు స్వయంగా రాసినట్టన్నమాట. ఇవాళ్టి అసిస్టెంటు పాపం ఊరు అడగడు, పండక్కి ఊరెళ్లడానికి బస్సు ఛార్జీలు అడుగుతాడు. "ఈ నెల కాస్త టైటుగా ఉంది తమ్ముడూ" అంటారు.

నన్నయ అంటే మరీ పాతకాలం, మహర్షి లాంటివాడు అంటారా? తిరుపతి వేంకటకవుల్ని చూడండి. వాళ్ల దగ్గర వినయం మాట ఎత్తడం కూడా దండగే. మాకు సాటి ఎవరని మీసాలు పెంచి సవాళ్లు విసిరిన జంట. ఎదుటి కవుల్ని ఉతికి ఆరేసినవాళ్లు. 1920లో దివాకర్ల తిరుపతిశాస్త్రి పోయారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికారు. ఒంటరిగా రాసుకున్న వాటిని కూడా జంట పేరుతోనే అచ్చేయించారు. రాయని మనిషికి, అదీ లేని మనిషికి, పేరు వేశారాయన. మనవాళ్లు పక్క గదిలో రాస్తున్న మనిషికి వేయరు. అంత పొగరున్న పెద్దమనిషి చేసిన పనిని ఇంత వినయం ఉన్నవాళ్లు ఎందుకు చేయలేకపోతున్నారో నాకు అంతుపట్టదు.

పాత సినిమాల్లో మాత్రం అంతా ధర్మంగా జరిగిందని నేననను. మాయాబజార్‌లో నాలుగు పాటలకు సాలూరి రాజేశ్వరరావు బాణీలు కట్టి పక్కకు తప్పుకుంటే, మిగతా పని ఘంటసాల పూర్తిచేశారు. పేరు ఘంటసాలదే పడింది. ఆ వెన్నెల్లో పడవ పాట ఎవరిదని టీకొట్ల దగ్గర ఇప్పటికీ పందేలు కాస్తారు. అసలు వ్యాసుడి భారతంలో శశిరేఖే లేదు! ఆ పిల్లను బలరాముడింట పుట్టించి అభిమన్యుడికి ముడిపెట్టినవాళ్లు ఏ ఊరి రచ్చబండ మీద కూర్చుని ఆ కథ అల్లారో ఏమో. మనం మాత్రం తరతరాలుగా ఆ పెళ్లి భోజనం తింటూనే ఉన్నాం.

ఆ సినిమా విడుదలైన 1957లోనే మన కాపీరైట్ చట్టమూ వచ్చింది. హక్కులన్నీ అమ్మేసుకున్నా సరే, ఇది రాసింది నేనేనని చెప్పుకునే హక్కు రచయితకు మిగిలే ఉంటుందని అందులో 57వ సెక్షన్ అంటుంది. చెప్పుకోవచ్చు, ఎవరు కాదన్నారు? చెప్పుకుంటే తర్వాతి సినిమా రాదు. ఈ రెండో సెక్షన్ చట్టంలో లేదు కానీ ఫిలింనగర్‌లో అందరికీ కంఠతా వచ్చు.

నాకు తెలిసిన ఘోస్టు ఒకడు ఏళ్ల తరబడి ఇలాగే రాశాడు. తన డైలాగుకి థియేటర్లో ఈలలు పడుతుంటే బాల్కనీలో నోరు మూసుకుని కూర్చునేవాడు. ఇంటర్వెల్లో సమోసా తింటూ దర్శకుణ్ని తిట్టే తిట్లు మాత్రం రాసినవాటికంటే బాగుండేవి. ఈ మధ్య వాడికే దర్శకత్వం దక్కింది. సంబరంగా వెళ్లి కలిశాను. స్క్రిప్టు కట్ట చేతిలో పెట్టాడు. చదివి, బాగుందిరా, ముఖ్యంగా సెకండాఫ్‌లో ఆ కోర్టు సీను అదిరింది, ఎవరు రాశారన్నాను.

"మన కుర్రాళ్లే అన్నా, లోపల రూములో ఉన్నారు."

వాళ్ల పేర్లు చెబితే కాలమ్‌లో రాస్తానన్నాను.

"పేర్లెందుకులే అన్నా," అన్నాడు. "మంచి పిల్లలు. చాలా వినయం."