గుంజుడు నంబరు

మా బామ్మర్దిని కొత్తవాళ్లెవరైనా పలకరిస్తే ముందు చాయ్ చెప్తాడు, చాయ్ వచ్చేలోపు నంబరు చెప్తాడు. అది ఫోన్ నంబరని కొందరు సెల్లు తీసిన సందర్భాలున్నాయి. ఫ్యాన్సీ నంబరేమోనని బండి ముందుకెళ్లి ప్లేటు చూసొచ్చినవాళ్లూ ఉన్నారు. ప్లేటు మీద మామూలు టీజీ 16 నంబరే. ఆయన చెప్పే నంబరు బండి కింద, వెనక ఇరుసు మధ్యలో నూనెలో మునిగి ఉంటుంది. ఎవరికీ కనపడదు కాబట్టి ఆయనే చెప్పుకోవాలి మరి.

"నాలుగు పాయింట్ ఎనభై ఎనిమిది, అన్నా. గుంజుడు సూడాలె దాన్ది."

తెలియనివారికి రెండు ముక్కలు. ఇంజను తిప్పుడు గేరుబాక్సు దాటి, ప్రొపెల్లర్ షాఫ్టు వెంట వెనక్కొచ్చి, ఒక చిన్న పళ్లచక్రానికి చేరుతుంది. అది పినియన్. అది తిప్పే పెద్ద పళ్లెం క్రౌన్. పినియన్‌కు 8 పళ్లు, క్రౌన్‌కు 39 ఉంటే, ముప్పై తొమ్మిదిని ఎనిమిదితో భాగిస్తే 4.88. అంటే షాఫ్టు దాదాపు అయిదు చుట్లు తిరిగితే టైరు ఒక్క చుట్టు. 41కి 11 అయితే 3.73. నంబరు పెరిగితే టైరుకు బలం పెరుగుతుంది, అదే వేగానికి ఇంజను ఎక్కువ తిరగాలి. ఇంతకు మించి ఇందులో మంత్రం లేదు.

మంత్రం లేనిచోట మఠాలు పుట్టించడం మనకు వెన్నతో పెట్టిన విద్య. బోధన్ చాయ్ హోటళ్లలో దీనికి రెండు సంప్రదాయాలున్నాయి. పెద్ద నంబరువాళ్లది గుంజుడు మతం, చిన్న నంబరువాళ్లది మైలేజీ మతం. అడ్డబొట్టుకూ నిలువుబొట్టుకూ ఉన్నంత తేడా. బండి ఏది, టైరు ఎంత, గేరుబాక్సు ఏది, రోజూ తిరిగే తొవ్వ ఏది అని అడిగినవాడు ఇద్దరికీ నాస్తికుడే. ఆ నాస్తికుణ్ని నేనే కాబట్టి నా చాయ్ డబ్బులు నేనే కట్టుకుంటాను.

మావాడికి ఈ మతం ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. దమ్మామ్‌లో పదకొండేళ్లు హౌస్ డ్రైవర్‌గా చేశాడు. షేకు ఇంట్లో పాత షెవర్లే కాప్రిస్ ఉండేది. ఆటోమేటిక్, వెనక చక్రాల బండి, పడవంత పొడవు. సాయంత్రాలు గదిలో అమెరికా వీడియోలు. అక్కడ తెల్లగడ్డాల పెద్దమనుషులు రెంచీ తిప్పుతూ 4.10 వేయి, 4.56 వేయి అంటుంటారు. వాళ్లకో కారణముంది. 1960లలో వాళ్ల ఆటోమేటిక్ బళ్లకు రెండో మూడో గేర్లు, పైది ఒకటికి ఒకటి. ఆదివారం పూట పావుమైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా ఉరికించి మొదట ఎవడు చేరతాడో చూసుకునేవాళ్లు. అలాంటి బండికి పెద్ద నంబరు వేస్తే గెలుస్తుంది. సోమవారం ఆఫీసుకు పోతే మాత్రం చెవులు గింగిర్లెత్తుతాయి. ఆ బాధ కూడా వాళ్లు చెప్పుకుంటారు, వీడియో చివర్న. మావాడు చివరిదాకా చూడడు.

నిజామాబాద్‌లో 402 మీటర్లు ఖాళీగా దొరికే చోటు ఎవరైనా చూపిస్తే వాళ్లకు బిర్యానీ పెట్టిస్తాను. వర్ని చౌరస్తా నుంచి గాంధీచౌక్ దాకా పోయి చూడండి. ఒక స్పీడు బ్రేకరు, ఒక తోపుడు బండి, రాంగు రూట్లో ఒక ఆటో, పెండ్లి బారాత్ ఒకటి. ఖలీల్‌వాడి దవాఖానాల సందులోనైతే నడిచేవాడే బండిని దాటిపోతాడు. ఇక బోధన్ తొవ్వ, అర్సపల్లి దాటి, జానకంపేట, ఎడపల్లి మీదుగా పాతిక కిలోమీటర్లు. బల్లలా చదునైన నేల. ఎక్కడానికి గుట్ట లేదు, లాగడానికి లోడు లేదు.

లోడంటే గుర్తొచ్చింది. గుంజుడు అవసరమైన రోజులు ఈ తొవ్వకు నిజంగానే ఉండేవి. నిజాంసాగర్ 1931లో పూర్తయి కాలువ కింద చెరకు పచ్చబడితే, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది. ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకున్నాం. క్రషింగ్ సీజన్లో గేటు ముందు చెరకు బళ్ల వరుస కనుచూపు మేర ఉండేది. టన్నుల కొద్దీ గడలు నెత్తిన పెట్టుకుని, బురదలోంచి బండిని రోడ్డెక్కించిన జోడెడ్లను ఎవరూ మీ రేషియో ఎంతని అడగలేదు. తర్వాత ట్రాక్టర్లొచ్చాయి. వాటికి క్రౌన్ పినియన్ చాలక, చక్రం దగ్గర ఇంకో జత పళ్లు పెట్టి మళ్లీ వేగం తగ్గించి బలం పెంచారు. అది గుంజుడంటే. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీకి తాళం పడింది. ప్రతి ఎన్నికలో తెరుస్తూనే ఉన్నారు. చెరకు చేలు వరికీ సోయాకూ మారాయి. లాగాల్సిన సరుకంతా పోయాక, ఒక మనిషినీ ఒక సెల్‌ఫోన్‌నూ ఎడపల్లి దాకా లాగడానికి మావాడికి 4.88 కావాల్సి వచ్చింది.

ఆ 4.88 ఎక్కడిదో కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకు సరిగ్గా అదే నంబరు. దాని ఇంజను 60 గుర్రాలది, మూడే గేర్లు, ఇంజను తక్కువ తిరిగేలా చేసే పై గేరు, అదే ఓవర్‌డ్రైవ్, లేదు. వెనక ఫిరంగిని కట్టుకుని బురదలో పోవాలి. ఆ జీపుకు ఆ ఆయుధం కావాల్సిందే. మావాడి బండికి దానికి రెండింతలు పైన గుర్రాలు, ఆరు గేర్లు. ఫిరంగి సంగతి ఆయన నోరు చూసుకుంటుంది.

పైగా ఆటోమేటిక్. క్లచ్చు ఉండే బండికి లేని వరమొకటి దీనికుంది, టార్క్ కన్వర్టర్. నిలబడ్డ బండి కదిలే క్షణంలో లోపలి నూనె సుడి ఇంజను బలాన్ని రమారమి రెండింతలు చేసి పంపుతుంది. వేగం అందుకున్నాక లాకై ఊరుకుంటుంది. నడుస్తుండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే గేరుబాక్సే ఒకటో రెండో గేర్లు కిందికి దిగుతుంది. అంటే మావాడు గ్యారేజీలో ముప్పై ఎనిమిది వేలు పోసి వేయించుకున్న గుంజుడు, కుడికాలు రెండంగుళాలు కిందికి నొక్కితే ఉచితంగా వస్తుంది. ఈ మాట అంటే, "బావా, నువ్వు పుస్తకాల మనిషివి" అన్నాడు. తిట్లలో ఇది పెద్దది.

సరే, పుస్తకాల మనిషినే కాబట్టి లెక్క వేశాను. 255/65 ఆర్ 18 టైరు ఒక చుట్టు తిరిగితే దాదాపు 2.48 మీటర్లు. ఓవర్‌డ్రైవ్ 0.70 అనుకుందాం. గంటకు వంద మీద పోతుంటే 3.73తో ఇంజను నిమిషానికి 1,750 చుట్లు, 4.88తో 2,300. డిచ్‌పల్లి దగ్గర 44వ నంబరు హైవే ఎక్కి హైదరాబాద్ చేరేసరికి, మొత్తం 175 కిలోమీటర్లకు, ఇంజను 57 వేల చుట్లు అదనంగా తిరగాలి. పుణ్యం వస్తుందంటే ఏ గుడి చుట్టైనా తిరగొచ్చు గాని, ఇవి డీజిలు పోసి తిరిగే ప్రదక్షిణలు.

మైలేజీ మతంవాళ్లు అప్పుడే చప్పట్లు కొట్టొద్దు. నంబరు మరీ చిన్నదైతే ఊళ్లో పై గేరు ఎప్పటికీ పడదు, గేరుబాక్సు ఎక్కుతూ దిగుతూ ఆయాసపడుతుంది, మీరు ఆశపడ్డ మైలేజీ అందులోనే పోతుంది. ఇంకో శాఖ ఉంది. వాళ్లు ముందు అందం కోసం 33 అంగుళాల టైర్లు వేయిస్తారు, బండి మందగించింది కాబట్టి గుంజుడు నంబరు వేయిస్తారు. 31 నుంచి 33కు పోతే 3.73 కాస్తా 3.50లా నడుస్తుంది. గొడ్డలి కొని కాలు నరుక్కుని, కట్టు కోసం ఇంకో బిల్లు కట్టడం.

మొన్న ఆదివారం మా వాకిట్లో జరిగింది చెప్పాలి. వెనక నుంచి కూత వస్తోందన్నాడు. కొత్త క్రౌన్ పినియన్ వేస్తే పళ్లకు రంగు పూసి, తిప్పి, ముద్ర ఎక్కడ పడిందో చూసి బిగించాలి. అది సరిగ్గా చేయకపోతే కూస్తుంది. చూద్దాం పట్టమని ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, వెనక రెండు చక్రాలూ జాకీ మీద లేపాం. టైరు మీద ఒక సుద్దగీత, షాఫ్టు మీద ఒకటి. గోనెసంచి పరుచుకుని మా చిన్నోడు కిందికి దూరాడు. ఒకవైపు నేను, ఒకవైపు బామ్మర్ది, రెండు చక్రాలూ కలిపి తిప్పుతున్నాం. పది చుట్లకు షాఫ్టు 49 దగ్గరికి రావాలి.

కిందనుంచి చిన్నోడి లెక్క వినబడుతోంది. ముప్పై అయిదు, ముప్పై ఆరు, ముప్పై ఏడు. మా పది చుట్లు అయిపోయాయి.

"ముప్పై ఏడు, ఇంక జర్రంత" అన్నాడు వాడు.

మళ్లీ తిప్పాం. మళ్లీ ముప్పై ఏడూ జర్రంత. కంపెనీవాడు పుట్టించిన నాటి 3.73 లోపల చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది. ఎవరూ దాని జోలికి పోలేదు. కూతపెట్టింది అరిగిన బేరింగు. ఏ గ్యారేజీవాడో చెప్పను, ఆయన చేసిన పని ఒక్కటే, బిల్లు రాయడం. నెలరోజులుగా బోధన్ చాయ్ హోటల్లో వర్ణించిన ఆ గుంజుడంతా పాత పళ్లదే.

బామ్మర్ది చేతులు తుడుచుకుని చాలాసేపు టైరు మీది గీత వైపు చూశాడు. తర్వాత బండి కిందికి దించుతూ అన్నాడు.

"గదే అనుకుంటున్న బావా, నెలసంది మైలేజ్ మస్తొస్తుందేందని. సిన్న నంబరే మంచిది."